పొట్టి పెన్నుకు కన్వర్టరు కొనేముందు



పెన్నులో ఇంకు పోసుకోవడం గురించి ఒక ప్రసంగమా అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. మన చిన్నతనంలో ఇందులో చెప్పుకోవడానికి ఏముంది కనక! మెడ దగ్గర మరలు విప్పడం, ఫిల్లరుతో గొట్టం నిండా ఇంకు పోయడం, మళ్ళీ బిగించి పాళీని తలకి రాసుకోవడం, అమ్మ చేత చీవాట్లు తినడం. అంతే. రాజమండ్రి రత్నం పెన్నులవంటి పేరున్న దేశవాళీ పెన్నులు దశాబ్దాల తరబడి ఈ పద్ధతిలోనే నడిచాయి.

ఇవ్వాళ మన ఇళ్ళకు వచ్చే ఇంకు పెన్నుల సంగతి వేరు. విదేశాల నుంచి మరిదిగారు తెచ్చారనో, అమ్మాయికి పుట్టినరోజు కానుకగా వచ్చిందనో అరచేతిలో ఇమిడిపోయే ఒక బుల్లి పెన్ను ఇంట్లోకి వస్తుంది. చూడ ముచ్చటగా ఉంటుంది. వ్యానిటీ బ్యాగులో ఏ మూలనైనా పడి ఉంటుంది. దానితోబాటు ఇంకు నింపిన ప్లాస్టిక్ గొట్టం ఒకటో రెండో వస్తాయి. వీటినే కాట్రిడ్జిలు అంటారు. అవి అయిపోయిన మర్నాటి నుంచీ అసలు కథ మొదలవుతుంది. మళ్ళీ కాట్రిడ్జిలు కొందామంటే మన ఊళ్ళో దొరకవు. దొరికినా నీలం, నలుపు తప్ప ఉండవు. ఇంట్లో చూస్తే ఇంకు బుడ్డి నిండుగా ఉంటుంది. దాన్ని ఈ పెన్నులోకి ఎక్కించే దారి కనిపించక, నిక్షేపంలాంటి పెన్ను సొరుగులోకి చేరుతుంది. పిల్ల మళ్ళీ బాల్ పెన్ను పట్టుకుంటుంది. ఇదండీ చాలా ఇళ్ళల్లో జరిగేది.

కన్వర్టరు అనేది ఇందుకోసం వచ్చిన సాధనమే. కాట్రిడ్జి ఉండే చోట అమర్చుకునే చిన్న పంపు అది. పాళీని ఇంకులో ముంచి దీని వెనక భాగాన్ని తిప్పితేనో, లాగితేనో, నొక్కితేనో ఇంకు పైకి ఎక్కుతుంది. మామూలు పెన్నులకు వచ్చే కన్వర్టరు పొడవు 7 సెంటీమీటర్ల పైచిలుకు. మన బుల్లి పెన్నులో అది పట్టదు. అంచేత పొట్టి కన్వర్టర్లు విడిగా తయారయ్యాయి. వాటిని ఎంచుకునేటప్పుడే చాలామంది డబ్బు పారేసుకుంటున్నారు. కొన్ని విదేశీ కన్వర్టర్ల ధరకు మన బజారులో ఒక మామూలు ఇంకు పెన్నే వస్తుంది సుమా!

అసలు ఈ పెన్నులు పొట్టిగా ఎందుకున్నాయో ముందు చూద్దాం. జర్మనీలో కవెకో అని పాత కంపెనీ ఒకటి, 1883లో హైడెల్‌బర్గ్ పట్నంలో మొదలైంది. వారి స్పోర్ట్ అనే పెన్ను మూత పెట్టి ఉంటే పదిన్నర సెంటీమీటర్లే ఉంటుంది. మూత తీసి వెనక తగిలిస్తే 13 సెంటీమీటర్ల దాకా సాగి, పెద్ద పెన్ను పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ పాత కంపెనీ 1981లో మూతపడినా, 1990ల నుంచి ఆ పేరుతో వేరేవారు మళ్ళీ తయారుచేస్తున్నారు. జపాను వారు 1960లు, 70లలో చొక్కా జేబు కోసం ఇలాంటి పొట్టి పెన్నులే రకరకాలుగా చేశారు. 1971లో పైలట్ కంపెనీ తెచ్చిన మ్యూ 701 అనే పెన్నులో పాళీ, మెడ కలిసి ఒకే లోహపు ముక్కగా ఉంటాయి. చూస్తే నగ చూసినట్టే ఉంటుంది. మూతను వెనక తగిలించుకుంటే పొడవు వచ్చేస్తుంది గనక గొట్టాన్ని పొట్టిగా చేశారు. ఆ పొట్టి గొట్టంలో చిన్న కాట్రిడ్జి ఒక్కటే పడుతుంది. వారి లెక్క అంతవరకే. ఇంకు బుడ్డితో నింపుకునే మనలాంటివాళ్ళు తర్వాత జ్ఞాపకం వచ్చారన్నమాట.

ఇహ అసలు విషయానికి వస్తాను. అంతర్జాతీయ కొలత ప్రకారం చేసిన చిన్న కాట్రిడ్జి పొడవు సుమారు 38 మిల్లీమీటర్లు. అందులో సుమారు 0.8 మిల్లీలీటరు ఇంకు ఉంటుంది. అంతే చోటులో ఇమిడే పొట్టి కన్వర్టరులో ఎంత పడుతుందనుకున్నారు? అర మిల్లీలీటరు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కన్వర్టరులో పిస్టను ఉండాలి, దాన్ని కదిపే పుల్లో మరో ఉండాలి, వెనక పట్టుకునే పిడి ఉండాలి. ఇవన్నీ చోటు తింటాయి. కాట్రిడ్జి అయితే వట్టి గొట్టం, లోపలంతా ఇంకే. పెద్ద కన్వర్టరులోనూ ఈ నష్టం ఉన్నా అక్కడ చోటుకు కొరత లేదు గనక మనకు తెలియదు. పొట్టిదానిలో అది సగానికి సగం. కన్వర్టరు అంటే కాట్రిడ్జి కన్నా గొప్పది, ఖరీదైనది, కాబట్టి ఎక్కువ రాస్తుంది అనుకుని కొనేవారు ఈ ఒక్క లెక్క ముందే వేసుకోవాలి.

మా ఆడపడుచు కూతురు డిగ్రీ చదువుతోంది. పరీక్షలు నాలుగు రోజులున్నాయనగా పెన్ను పట్టుకుని వచ్చింది. "అత్తయ్యా, కొత్త కన్వర్టరు వేశాను. గంట రాశానో లేదో ఆగిపోయింది. పెన్ను చెడిపోయిందా?" అంది. పెన్ను చెడలేదు, కన్వర్టరూ చెడలేదు. ఇద్దరం కూర్చుని, ఆ కన్వర్టరు ఒక్కసారి పీల్చుకున్న నీటిని సూది తీసిన సిరంజిలోకి ఎక్కించి కొలిచాం. పావు మిల్లీలీటరు కూడా లేదు! పిస్టను కదలిక అసలే కొద్ది. మొదటిసారి లాగినప్పుడు పాళీ కింద నాలుకలో ఉన్న గాలి ముందు లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. పెద్ద కన్వర్టరులో ఆ గాలి ఒక లెక్కలోది కాదు. బుల్లిదానిలో అదే సగం చోటు ఆక్రమిస్తుంది.

దీనికి ఉపాయం ఉంది. ఒకసారి ఇంకు పీల్చాక పాళీని బుడ్డిలోంచి తీసి, పైకి చూసేట్టు నిలబెట్టండి. గాలి బుడగ పైకి చేరుతుంది. అప్పుడు పిస్టనును మెల్లగా నెడితే గాలి బయటకుపోయి, పాళీ అంచున ఇంకు తళుక్కుమంటుంది. అక్కడే ఆపి, మళ్ళీ బుడ్డిలో ముంచి పూర్తిగా లాగండి. పాళీ మొత్తం, మెడ అంచుదాకా ఇంకులో మునిగి ఉండాలి. చివరకు రెండు చుక్కలు వదిలి, మెత్తని పాత గుడ్డతో తుడవాలి. బుడ్డి అడుగంటినప్పుడైతే కన్వర్టరును పెన్నులోంచి తీసి, దాని మూతినే నేరుగా ఇంకులో ముంచి నింపుకుని తర్వాత పెన్నుకు తగిలించవచ్చు. అమ్మాయి ఇలా రెండోసారి నింపితే పడిన ఇంకు మొదటిదానికి దాదాపు రెట్టింపు ఉంది. అయినా మూడు గంటల పరీక్షకు దాన్ని నమ్ముకోవద్దని చెప్పాను. ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

ముందు కొలత సంగతి. దుకాణంలో మాకొకాయన, "ఏ కన్వర్టరైనా ఏ పెన్నుకైనా పడుతుందమ్మా" అని ధీమాగా చెప్పాడు. అది నిజం కాదు. పైలట్, ప్లాటినం, సెయిలర్, పార్కర్, లామీ, ఇవన్నీ దేనికదే సొంత మూతి పెట్టుకున్న కంపెనీలు. ఒకరిది ఒకరికి పట్టదు. కవెకో, పెలికాన్ వంటి చాలా ఐరోపా కంపెనీలు అంతర్జాతీయ కొలతను వాడతాయి. కాబట్టి మొదటి ప్రశ్న కంపెనీ ఏదని. ఆ పెన్నుకు అంతర్జాతీయ చిన్న కాట్రిడ్జి పడుతుంటే, ఆ కొలత పొట్టి కన్వర్టరు మూతి కూడా పడుతుంది. ఇక మిగిలింది పొడవు, లావు.

పొడవు చూడడానికి చీపురు పుల్ల చాలు. పెన్ను గొట్టం విప్పి, పుల్లను లోపల అడుగుకు తగిలేదాకా పెట్టి, గొట్టం అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టండి. పుల్లను స్కేలు మీద కొలవండి. ఇప్పుడు ఖాళీ కాట్రిడ్జిని మెడకు తగిలించి, గొట్టం అంచు వచ్చి ఆనే చోటు నుంచి కాట్రిడ్జి తోక దాకా ఎంత బయటికి ఉందో కొలవండి. మొదటి కొలతలోంచి రెండోది తీసేస్తే గొట్టంలో మిగిలిన ఖాళీ తెలుస్తుంది. మాటవరసకు గొట్టం లోతు 34 మిల్లీమీటర్లు, కాట్రిడ్జి బయటికి ఉన్నది 30 అనుకోండి. 4 మిల్లీమీటర్లు ఖాళీ. కాట్రిడ్జి పొడవు 38కి ఈ 4 కలిపితే 42. అంతకు మించిన కన్వర్టరు మీ పెన్నులో పట్టదు. సరిగ్గా 42 ఉన్నది కూడా వద్దు, ఒక మిల్లీమీటరు వదులు ఉంచుకోవాలి. జాకెట్టు కుట్టించేటప్పుడు ఉంచుకోమూ? అలాగే.

పుల్ల లాగి నింపే రకమైతే ఇంకో జాగ్రత్త. అంగట్లో పెట్టెలో ఉన్నప్పుడు పుల్ల లోపలికి తోసి ఉంటుంది, పొట్టిగా కనిపిస్తుంది. ఇంకు నిండినప్పుడు పుల్ల వెనక్కి వస్తుంది. అలా పూర్తిగా లాగి ఉన్నప్పటి పొడవే మీకు కావలసిన పొడవు. దీన్ని చూసుకోకపోతే ఇంకు నింపి గొట్టం బిగించేటప్పుడు గొట్టం అడుగు ఆ పుల్లను ముందుకు తోస్తుంది, పాళీలోంచి ఇంకు బుళుక్కున వచ్చి చీర మీద పడుతుంది. గొట్టం చివరి మరల దగ్గర బిగువుగా అనిపిస్తే బలం ఉపయోగించకండి. కొన్ని గొట్టాలు అడుగున సన్నబడతాయి కూడా. పొడవు సరిపోయినా పిడి లావుగా ఉంటే అక్కడ ఇరుక్కుంటుంది.

రకాల విషయానికొస్తే మూడున్నాయి. రబ్బరు బుడ్డిని వేళ్ళతో నొక్కి వదిలేది ఒకటి. వాడకం తేలిక, కాని లోపల ఎంత ఇంకు ఉందో చాలావాటిలో కనపడదు. పైలట్ వారి కాన్-20 అలాంటిదే. ఇప్పుడు దాని తయారీ ఆగిపోయింది. పాత సరుకు ఎక్కడైనా దొరికితే రబ్బరు ఎండిపోలేదు కదా అని చూసి తీసుకోవాలి. రెండోది ఇందాక చెప్పిన పుల్ల లాగేది. కవెకో వారి మినీ కన్వర్టరు ఈ తరహాదే. మూడోది పిడి తిప్పేది. పైలట్‌లో కాన్-20, కాన్-50 పోయి వాటి స్థానంలో వచ్చిన కాన్-40 ఇటువంటిది. అందులో ఇంకు 0.4 మిల్లీలీటరు మాత్రమే. అదే కంపెనీ కాన్-70లో 1 మిల్లీలీటరు పైన పడుతుంది గాని, పొడుగు, లావు ఎక్కువ. పొట్టి పెన్నుల్లో దూరదు.

కాన్-40లో చిన్న చిన్న ఉక్కు గుళ్ళు వేశారు. కదిలిస్తే గలగలమంటాయి. అవి పగిలిన ముక్కలు అనుకుని బెంగపడనక్కర్లేదు. అవి ఎందుకంటే, సన్నటి గొట్టంలో ఇంకు తన బిగువు వల్ల వెనక భాగానికి అతుక్కుని, పాళీ వైపు రాకుండా నిలిచిపోతుంది. ఆకు మీద నీటిబొట్టు జారకుండా నిలుస్తుందే, అదే గుణం. పెన్నులో ఇంకు కనిపిస్తూ ఉంటుంది, పాళీ మాత్రం ఎండిపోతుంది. గుళ్ళు కదిలి ఆ పట్టు విడగొడతాయి. మీ కన్వర్టరులో గుళ్ళు లేకపోతే, పెన్నును వేలితో రెండుసార్లు తట్టండి. అప్పటికీ ఇలాగే ఉంటే, కన్వర్టరును గిన్నెలు తోమే ద్రావకం ఒక చుక్క కలిపిన నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో రెండుమూడుసార్లు తొలవండి. చాలాసార్లు బాగుపడుతుంది. ఇంట్లో ఉన్న పూసో, ఇనప గుండో లోపల వెయ్యకండి. తుప్పు పట్టి ఇంకును, పాళీని రెంటినీ పాడుచేస్తుంది.

ఇప్పుడు పరీక్ష రాసే అమ్మాయికి ఏం చెప్పానో చెప్తాను. "కన్వర్టరు తీసి పక్కన పెట్టు, వాడేసిన కాట్రిడ్జి ఉందా?" అన్నాను. ఉంది. దాన్ని కడిగి, మందుల దుకాణంలో దొరికే 2 మిల్లీలీటర్ల సిరంజితో ఇంకు నింపాం. అదే చోటులో దాదాపు రెట్టింపు ఇంకు, పైగా ఖర్చు సిరంజి ఖరీదే. సూది మొనను రాతి మీద అరగదీసి మొద్దు చేసుకోవాలి, పిల్లలకు అందకుండా డబ్బాలో పెట్టుకోవాలి. ఇంకును మూతి దాకా కాకుండా కాస్త వెలితిగా నింపాలి. ఒకే కాట్రిడ్జిని చాలాసార్లు పెట్టి తీస్తుంటే మూతి వదులవుతుంది. మెడ దగ్గర ఇంకు చెమ్మ కనిపించిందంటే దాన్ని పారేసి వేరేది తీసుకోవలసిందే. ఇంకో మాట, పరీక్ష ఉన్న రోజుకు రెండు రోజుల ముందు ఇంట్లో ఒకసారి నిండుగా నింపి, ఎన్ని పేజీలు వస్తాయో రాసి చూసుకోమన్నాను. పాళీ లావు, కాగితం, చేతివాటం బట్టి ఇది మనిషి మనిషికీ మారుతుంది. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. రెండో పెన్ను ఎలాగూ దగ్గర ఉండాలి.

అయితే పొట్టి కన్వర్టరు ఎవరికి పనికొస్తుందీ అంటారా? రోజుకు పాలవాడి లెక్క, కూరల లెక్క, ఒక ఉత్తరం, అంతవరకు రాసుకునేవారికి అది బ్రహ్మాండంగా చాలుతుంది. ఇంకు రంగులు మార్చి మార్చి రాయడం సరదా ఉన్నవారికి తక్కువ పట్టడమే మేలు, ఒక రంగు త్వరగా అయిపోయి ఇంకో రంగుకు వంతు వస్తుంది. ఊరు వెళ్ళినప్పుడు, ఆఫీసులో, ఎక్కడ ఇంకు బుడ్డి దొరికితే అక్కడ నింపుకోవచ్చు, సిరంజి మోసుకెళ్ళనక్కర్లేదు. పెన్నును కడగడానికి కూడా అంత సుఖమైన సాధనం లేదు. చన్నీళ్ళు పీల్చి వదలడం, రంగు పోయేదాకా. అందుకే కాట్రిడ్జితో రాసేవారిని కూడా వీలైతే ఒకటి కొని ఉంచుకోమంటాను. నా మటుకు నేను వ్యానిటీ బ్యాగులో పెట్టుకునే పెన్నుకు కన్వర్టరే వాడతాను, బల్ల మీద పెన్నుకు సిరంజితో నింపిన కాట్రిడ్జి.

పాత పద్ధతిలో గొట్టం నిండా ఇంకు పోసుకుంటే ఏం? అని పెద్దవాళ్ళు అడుగుతారు. కొన్ని ప్లాస్టిక్ పొట్టి పెన్నుల్లో అదీ చెయ్యవచ్చు. గొట్టానికి ఎక్కడా రంధ్రం, అతుకు లేదని నీళ్ళు పోసి చూసుకుని, మరలకు సిలికోన్ గ్రీజు పల్చగా రాసి బిగించాలి. రెండు మిల్లీలీటర్లకు తక్కువ కాకుండా పట్టే పెన్నులున్నాయి. కాని లోహపు గొట్టాల్లో వద్దు, ఇంకు లోహాన్ని తింటుంది. ప్లాస్టిక్కులో కూడా ఇంకు సగానికి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్కలు చుక్కలుగా ఇంకును తోస్తుంది. మన విజయవాడ ఎండల్లో సంగతి వేరే చెప్పాలా! పొట్టి కన్వర్టరుకు ఇక్కడో సుగుణం ఉంది. అందులో గాలికి ఉన్న చోటే తక్కువ, అంచేత మరకల బెడద కూడా తక్కువ.

కన్వర్టరును తగిలించేటప్పుడు నిలువుగా, సూటిగా నొక్కాలి, వంకర తిప్పకూడదు. అస్తమానం ఊడదీయకండి. పెన్నుతోబాటే ఉంచి పాళీ ద్వారానే నింపుకుంటే మూతి బిగువు పోదు. ఇంకు ఫౌంటెన్ పెన్నుకు వాడేదే కావాలి. బొమ్మలు గీసే నల్ల డ్రాయింగు ఇంకు పోస్తే అది లోపల గట్టిపడి, ఈ సన్నటి దారులన్నీ మూసుకుపోతాయి. నెల రోజులు రాయనని తెలిస్తే ఖాళీ చేసి కడిగి, పాళీ కిందికి ఉండేట్టు గుడ్డ మీద ఆరబెట్టి దాచండి. వేడినీళ్ళు మాత్రం వాడకండి, ప్లాస్టిక్ వంగుతుంది. కొన్నాళ్ళకు పిస్టను బిగుసుకుపోయి కిర్రుమంటే, అగ్గిపుల్ల మొనతో ఆవగింజలో సగం సిలికోన్ గ్రీజు లోపల రాసి నాలుగుసార్లు కదిపితే సరిపోతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, వేజలైను దగ్గరికి రానివ్వకండి. రబ్బరు ఉబ్బుతుంది, ఇంకు నూనె కలిసి కాగితం మీద నిలవదు. గ్రీజు ఇంట్లో లేకపోతే పిస్టనును అలాగే ఉంచి, నీళ్ళలో ఒక రాత్రి నాననివ్వండి. ఎండిన ఇంకు వల్ల బిగుసుకున్నదైతే తెల్లారేసరికి దానంతటదే వదులవుతుంది.